మట్టంచేరి సినగాగ్: పరదేశుల గుడిలో నేల ఎవరిది?

కొచ్చిలోని యూదుల ప్రార్థన మందిరం, మట్టంచేరి సినగాగ్‌కి వెళ్తే గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. మనకిది వింతగా అనిపించదు. గుడికైనా దర్గాకైనా అలవాటే. కానీ జెరూసలేం నుంచో న్యూయార్క్ నుంచో వచ్చిన యూదులు అక్కడ ఒక్క క్షణం తటపటాయిస్తారు. వాళ్ల ఊళ్లలో సినగాగ్‌కి బూట్లతోనే వెళ్తారు మరి. కేరళ యూదులు ఈ ఆచారాన్ని ఇరుగుపొరుగు నుంచి తీసుకున్నారు. తర్వాత అది ఎంతగా సొంతమైపోయిందంటే, దేవుడి ముందు చెప్పులతో నిలబడటమేమిటని వాళ్లే ఆశ్చర్యపోయేంత.

చెప్పులు విప్పాక అరికాలికి తగిలేది చల్లటి పింగాణీ. తెల్లటి పలకల మీద నీలిరంగు బొమ్మలు. 1762లో చైనాలోని కాంటన్ నుంచి ఓడల మీద వచ్చిన టైల్స్ ఇవి. వెయ్యికి పైనే ఉంటాయి. ఏ రెండూ ఒకేలా ఉండవని గైడ్లు చెప్తారు. ఇందులో సగం నిజముంది. వంగి చూస్తే కొన్ని బొమ్మలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తెలుస్తుంది. కానీ అన్నీ చేత్తో వేసినవి. అందుకే ఒకదాంట్లో కొమ్మ కాస్త వంకరగా ఉంటే ఇంకోదాంట్లో రంగు ఎక్కువై అలికినట్టుంటుంది. రెండున్నర శతాబ్దాలుగా నడుస్తున్నా ఆ నీలం పెద్దగా వెలవలేదు. చెప్పులు లేని కాళ్లు తొక్కిన నేల కావడం కూడా అందుకు ఒక కారణం కావచ్చు.

ఈ టైల్స్ గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. రాజావారు తన కోట కోసం చైనా నుంచి వీటిని తెప్పించుకున్నారట. అవి చూసి మనసు పడిన ఒక యూదు వర్తకుడు, వీటి తయారీలో ఆవు రక్తం కలుపుతారని రాజుగారి చెవిన వేశాడట. అంతే, ఇవి నా గడప తొక్కకూడదని రాజు అన్నీ యూదులకే ఇచ్చేశాడట. కథ బాగుంది, నమ్మేలా మాత్రం లేదు. టైల్స్ తెప్పించింది ఎజెకియల్ రహబి. ఆయనకి అబద్ధాలాడి అడుక్కోవాల్సిన ఖర్మ లేదు. డచ్చివారి ఈస్టిండియా కంపెనీకి కొచ్చిలో పెద్ద వర్తకుడు ఆయనే. మిరియాల బేరం నుంచి రాజులతో రాయబారాల దాకా దాదాపు యాభై ఏళ్లు ఆయన చేతుల మీదుగా నడిచాయి. కాంటన్ నుంచి నాలుగు పెట్టెల పింగాణీ తెప్పించుకోవడం ఆయనకొక లెక్క కాదు.

సినగాగ్ అనే మాట తెలుగు బైబిల్ చదివినవాళ్లకి ఇంకో రూపంలో తెలుసు. అక్కడ దాన్ని ‘సమాజ మందిరము’ అన్నారు. ఆ అనువాదం చాలా సరైనదని మట్టంచేరి చూస్తే అనిపిస్తుంది. ఇక్కడ విగ్రహం ఉండదు, పూజారి లేకపోయినా ప్రార్థన ఆగదు. కానీ పదమూడేళ్లు దాటిన పదిమంది మగవాళ్లు ఉంటేనే సామూహిక ప్రార్థన పూర్తిగా నడుస్తుంది. ఆ పదిమందిని మినియాన్ అంటారు. అంటే మందిరం నిలబడేది గోడల మీద కాదు, తలల లెక్క మీద. ఆ లెక్కలోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నదే ఈ కట్టడం చరిత్రలో అసలు తగువు.

దీని పేరు పరదేశి సినగాగ్. ఆ పేరుని తెలుగువాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. 1492లో స్పెయిన్, ఆ తర్వాత నాలుగైదేళ్లకే పోర్చుగల్ యూదుల్ని తరిమేశాయి. అలా చెల్లాచెదురైన వాళ్లలో కొందరు మధ్యధరా తీరాల మీదుగా మలబారు చేరారు. అలెప్పో, బాగ్దాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు కూడా తర్వాత వీళ్లలో కలిశారు. రహబి కుటుంబానిది అలెప్పోనే. వీళ్లంతా కలిసి 1568లో ఈ మందిరం కట్టుకున్నారు. అయితే వీళ్లు వచ్చేసరికే ఇక్కడ యూదులున్నారు. వందల ఏళ్లుగా ఉన్నారు. మలయాళం మాట్లాడుతూ, మలయాళంలో పాటలు కట్టుకుని పాడుకుంటూ ఉన్నారు. వీళ్లనే మలబారీ యూదులంటారు.

వాళ్ల పాతకాపుకి సాక్ష్యం రాగిరేకుల మీద ఉంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి ఒక శాసనం రాసిచ్చాడు. అప్పటి తమిళంలో, వట్టెళుత్తు లిపిలో ఉంటుంది. పగటి దివిటీ, పల్లకి, గొడుగు, డోలు, బాకా, తోరణం లాంటి 72 హక్కులు, పన్నుల మినహాయింపు, వీటితో పాటు ‘అంజువణ్ణం’ అనే వర్తక హోదా. మన శాసనాల్లో ‘ఆచంద్రార్కం’ అని ఉంటుందే, ఇక్కడా అదే ధోరణి. భూమి, చంద్రుడు ఉన్నంతకాలం వంశపారంపర్యంగా అనుభవించమని. అంజువణ్ణం పేరు 11వ శతాబ్దం చివరినాటి విశాఖపట్నం శాసనంలో కూడా కనిపిస్తుంది. అక్కడది ముస్లింలూ యూదులూ లాంటి పడమటి సముద్రపు వర్తకుల సంఘం. ఒకే వర్తకపు దారిలో ఆ చివర పాత యూదులుండే కేరళ రేవు కొడుంగల్లూరు, ఈ చివర విశాఖ అన్నమాట. ఇంతకీ ఆ రాగిరేకులు ఇచ్చింది పాత యూదుల పెద్దకి. అవి వచ్చి చేరింది మాత్రం కొత్తగా వచ్చిన పరదేశుల మందిరంలోకి.

కొడుంగల్లూరు నుంచి కొచ్చికి యూదుల వలస ఒక్కసారిగా జరగలేదు. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి కొడుంగల్లూరు రేవు మేట వేసింది. కొచ్చి దగ్గర సముద్రం కొత్త దారి తెరుచుకుంది. వర్తకులు ఓడల వెంట నడిచారు. మూడేళ్లకే, 1344లో, కొచ్చిలోని కొచ్చంగాడిలో ఒక సినగాగ్ లేచింది. ఇప్పుడది లేదు. దాని శంకుస్థాపన రాయి మాత్రం హీబ్రూ అక్షరాలతో సహా పరదేశి సినగాగ్ ఆవరణ గోడలో పొదిగి ఉంది. టికెట్ తీసుకుని హడావిడిగా లోపలికి పోయేవాళ్లు దాన్ని చూడకుండానే దాటేస్తారు. నిజానికి ఆ ప్రాంగణంలో అన్నిటికంటే పాత రాతిశాసనం అదే. తర్వాత 1524లో కొడుంగల్లూరు మీద దాడి, పోర్చుగీసువాళ్ల వేధింపులు మిగిలినవాళ్లని కూడా కొచ్చికి తోలాయి.

కొచ్చి రాజు వాళ్లకి స్థలమిచ్చాడు. ఎక్కడ? తన కోటని ఆనుకునే. మట్టంచేరి కోట, దాని ఆవరణలో పళయన్నూర్ భగవతి గుడి, ఆ పక్కనే సినగాగ్. గుడికీ సినగాగ్‌కీ మధ్య ఒక్క గోడే అడ్డు. దీన్ని మతసామరస్యానికి గుర్తుగా చూపించడం టూరిజం కరపత్రాల్లో మామూలే. సామరస్యం అబద్ధం కాదు కానీ, తారీఖులు చూస్తే ఇంకో సంగతి తడుతుంది. గోవాలో మతవిచారణ మొదలైంది 1560లో. లోపల యూదు ఆచారం పాటిస్తూ పైకి క్రైస్తవులుగా ఉన్నవాళ్లని పట్టుకుని శిక్షించడం దాని పని. ఎనిమిదేళ్లకే, పోర్చుగీసువాళ్ల కోట ఉన్న కొచ్చిలోనే, యూదులు బాహాటంగా మందిరం కట్టుకోగలిగారంటే అది రాజుగారి గోడ చాటున కావడం వల్లే. రాజుకి కూడా విదేశీ వర్తకుల అవసరం ఉంది. అది ప్రేమా, లెక్కా అంటే రెండూ.

అయినా దెబ్బ తప్పలేదు. 1662లో వలందులు, అంటే డచ్చివాళ్లు, కొచ్చిని ముట్టడించారు. యూదులు వాళ్లకి సాయం చేశారు. ఆ ముట్టడి ఫలించక డచ్చివాళ్లు వెనక్కి తగ్గగానే పోర్చుగీసువాళ్లు కసి తీర్చుకున్నారు. యూదుల వీధిని దోచి, సినగాగ్‌ని తగలబెట్టారు. పాత రాతలు చాలావరకు అప్పుడే పోయాయి. 1663 జనవరిలో డచ్చివాళ్లు మళ్లీ వచ్చి కొచ్చి పట్టుకున్నాక మందిరాన్ని బాగుచేసుకున్నారు. ఆ తర్వాత నూరేళ్లకి పైగా పరదేశుల దశ తిరిగింది. ఇప్పుడు కనిపించే సొగసులో ఎక్కువ భాగం ఆ కాలానిదే.

గడియారం బురుజు కూడా రహబి కట్టించిందే, 1760లో. దాదాపు 45 అడుగుల ఎత్తు. దీని ముఖాల మీద అంకెలు ఒకే లిపిలో ఉండవు. ఒకదాని మీద రోమన్, ఒకదాని మీద హీబ్రూ, ఒకదాని మీద మలయాళం. చూసేవాడు ఎటువైపు నుంచి వస్తే వాడి లెక్కలో టైమ్ చూపించాలన్న వర్తకుడి బుద్ధి అది. దశాబ్దాల పాటు ఆగిపోయి ఉన్న ఈ గడియారాన్ని, శిథిలమవుతున్న బురుజుని 1990ల చివర్లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో బాగుచేశారు.

ఇక కట్టడం దగ్గరకొస్తే, ముందు బయటి నుంచి చూడాలి. కోల్‌కతాలోని మాగెన్ డేవిడ్ సినగాగ్‌కి ఎత్తైన శిఖరం ఉంటుంది, దూరం నుంచి చర్చి అనుకుంటారు. ముంబయిలో కాలాఘోడా దగ్గరున్న కెనెసెత్ ఎలియాహు కూడా నిండుగా, ఠీవిగా ఉంటుంది. రెండూ 1884 నాటివి. కట్టించినవాళ్లు బాగ్దాదీ యూదులు, కట్టిన తీరు బ్రిటిష్ వాళ్ల నగరాలకి తగ్గట్టు. మట్టంచేరిలో అలాంటి ఆర్భాటం లేదు. గడియారం బురుజు తీసేస్తే ఇది కాస్త పెద్ద కేరళ ఇల్లే. లావైన గోడలకి సున్నపు పూత, ఏటవాలు పెంకుల కప్పు, టేకు తలుపులు, వాన లోపలికి కొట్టకుండా ముందుకు సాగిన చూరు. ఆరు నెలలు వాన పడే చోట కట్టుకోవాల్సింది ఇలాగేనని స్థానిక వడ్రంగులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కేరళ సినగాగ్‌లన్నిటికీ ఒక వరస ఉంటుంది. వీధి నుంచి ఒక ప్రవేశ గది, దాటితే ఆరుబయట ఆవరణ, తర్వాత అజారా అనే వసారా గది, ఆ తర్వాతే ప్రార్థన హాలు. మెల్లగా ఒక్కో గడప దాటుతూ లోపలికి వెళ్లడం గుడికి వెళ్లే అలవాటున్నవాళ్లకి కొత్తేమీ కాదు. హాల్లో పడమటి గోడకి చెక్కడాల చెక్క బీరువా లాంటిది ఉంటుంది. దాన్ని హేఖల్ అంటారు. యూదుల ధర్మగ్రంథమైన తోరా చుట్టలు దాంట్లోనే. యూరప్ యూదులు తూర్పుకి తిరిగి ప్రార్థిస్తారు, ఇక్కడివాళ్లు పడమటికి. జెరూసలేం ఎటుంటే అటే మొహం. తోరా చుట్టల మీద ఉంచే బంగారు కిరీటాల్లో ఒకటి తిరువాంకూరు రాజు కానుక.

హాలు మధ్యలో ఇత్తడి కటకటాలతో గుండ్రటి వేదిక, పేరు తేబా. ప్రార్థన నడిపించేవాడు అక్కడ నిలబడతాడు. పైన కప్పు నుంచి బెల్జియం గాజు షాండ్లియర్లు, వాటి మధ్య రంగురంగుల గాజు దీపాలు వేలాడుతుంటాయి. దీపాల్లో పోసేది కొబ్బరినూనె. మొదటిసారి చూసేవాళ్లకి కళ్లు ఎక్కడ నిలపాలో తెలీదు. గది పెద్దది కూడా కాదు. వేలాడేవన్నీ తల మీదకే వస్తున్నట్టుంటాయి. సాయంత్రం అన్ని దీపాలూ వెలిగించి, కింద నీలి టైల్స్ మీద ఆ వెలుగు పడినప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే.

అయితే అందరూ తలెత్తి దీపాలు చూసే చోట, గమనించాల్సింది వాటి వెనక ఉంది. వెళ్లిన గుమ్మం పైనే ఒక బాల్కనీ, దాని మీద రెండో తేబా. రెండు తేబాలుండటం కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత, ఇంకెక్కడా ఇలా కట్టరు. సబ్బాతు నాడు, అంటే వారపు విశ్రాంతి రోజైన శనివారం, పండుగల్లో తోరా చదివేది ఈ పై వేదిక నుంచే. ఆ బాల్కనీని ఆనుకుని, చెక్క జాలీ తెర వెనక, ఆడవాళ్ల గది. వాళ్లు వేరే మెట్ల మీదుగా పైకి వస్తారు. సంప్రదాయ సినగాగ్‌లలో ఆడవాళ్లది ఎప్పుడూ దూరపు చోటే. ఇక్కడ మాత్రం వారంలో ముఖ్యమైన చదువు వాళ్ల గది దగ్గరికే నడిచొస్తుంది. జాలీకి అటువైపు అడుగు దూరంలో. ఎందుకలా కట్టారన్నదానికి పండితులు రకరకాలుగా చెప్తారు. ఒకటి మాత్రం కళ్లెదురుగా ఉంది. కొచ్చి యూదు ఆడవాళ్లు హీబ్రూ నేర్చుకునేవారు, పెళ్లిళ్లకీ పండుగలకీ మలయాళం పాటలు పాడేవారు, ఆ పాటల్ని నోటు పుస్తకాల్లో రాసి కూతుళ్లకిచ్చేవారు. ఆ పాటల్ని మగవాళ్ల ముందు పాడటానికి అభ్యంతరం ఉండేది కాదు. చాలా చోట్ల సంప్రదాయ యూదులు దానికి ఒప్పుకోరు.

ఇంత కలుపుగోలు కట్టడంలో, నేల మీదకొచ్చేసరికి లెక్కలు వేరు.

పరదేశులు మలబారీ యూదుల్ని తమతో సమానంగా చూడలేదు. పెళ్లి సంబంధాల్లేవు. మినియాన్‌లో లెక్కపెట్టేవారు కాదు. తెల్ల యూదులు, నల్ల యూదులు అన్న పేర్లు పుట్టాయి. వీళ్లు కాక మూడో వర్గం ఒకటుంది. పరదేశుల ఇళ్లలో బానిసలుగా ఉండి, యూదు మతం తీసుకుని, విడుదలైనవాళ్లు, వాళ్ల పిల్లలు. వీళ్లని మెషుహ్రారీం అన్నారు. పరదేశి సినగాగ్‌కి రావచ్చు. కానీ బెంచీ మీద కూర్చోకూడదు. అజారాలోనో, నేల మీదో, మెట్ల మీదో. తోరా చదవడానికి పిలుపు ఉండదు. చైనా టైల్స్ నేల వీళ్లకి కూర్చునే చోటయింది, అదీ గౌరవంగా కాదు.

ఇది ధర్మశాస్త్రం చెప్పిందా అంటే లేదు. మందిరం కట్టక ముందే, 16వ శతాబ్దం మొదటి భాగంలోనే, కొచ్చి నుంచి కైరోలోని పెద్ద రబ్బీ (యూదు మతగురువు) డేవిడ్ ఇబ్న్ జిమ్రాకి ఈ ప్రశ్న వెళ్లింది. శాస్త్రప్రకారం స్నానవిధి చేయిస్తే ఇక తేడా లేదు, పెళ్లిళ్లు కూడా చేసుకోవచ్చని ఆయన తీర్పు చెప్పాడు. తర్వాత ఇంకో రబ్బీ కూడా అదే అన్నాడు. రెండు తీర్పులూ బుట్టదాఖలయ్యాయి. 1686లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన యూదు వర్తకుల బృందం ఈ విడదీతని చూసి రాసుకెళ్లింది. కారణం తోరాలో వెతికితే దొరకదు, చుట్టూ చూస్తే దొరుకుతుంది. కేరళ కులవ్యవస్థలో పై మెట్టు దక్కాలంటే కింద ఎవరో ఒకరు ఉండాలి. చెప్పులు విప్పే ఆచారం నేర్చుకున్న చోటే ఇదీ నేర్చుకున్నారు.

దీన్ని ఎదిరించినవాడు అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టాడు. మెషుహ్రారీం కుటుంబం. లా చదివి వకీలయ్యాడు, కాంగ్రెస్‌లో తిరిగాడు, కొచ్చి శాసనమండలిలో కూర్చున్నాడు, కూలీల పక్షాన మాట్లాడాడు. బయట ఇంత పేరున్నవాడికి తన వీధి చివరి మందిరంలో మాత్రం బెంచీ మీద చోటు లేదు. ముందు అక్కడికి వెళ్లడమే మానేశాడు. సబ్బాతు నాడు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఎర్నాకుళంలోని మలబారీల సినగాగ్‌కి పోయేవాడు. ఆ తర్వాత గాంధీ దారి పట్టి సొంత మందిరంలోనే సత్యాగ్రహం చేశాడు. ‘యూదు గాంధీ’ అన్న పేరు అలా వచ్చింది. అదీ ఆ కాలపు కేరళే. వైకం గుడి చుట్టూ రోడ్ల మీద నడిచే హక్కు కోసం 1924లో సత్యాగ్రహం జరిగింది ఆ పక్కనే. పరదేశులు ఒక్కరోజులో మారలేదు. ముందు బెంచీలు, ఆ తర్వాత చాలాకాలానికి తోరా పిలుపు, అలా మెట్టు మెట్టుగా ఒప్పుకున్నారు.

వింతేమిటంటే, అందరికీ చోటు దొరికేసరికి కూర్చునేవాళ్లే లేకుండా పోయారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. కొచ్చి యూదులు మొత్తం కలిపి రెండున్నర వేలు కూడా లేరు. 1950లలో మలబారీలు ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. పరదేశులు ఆస్తిపాస్తులు, వ్యాపారాలు ఉండటంతో నెమ్మదిగా కదిలారు. 1968 డిసెంబరులో సినగాగ్ నాలుగువందల ఏళ్ల పండుగ ఘనంగా జరిగింది. ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు, తపాలా శాఖ 20 పైసల బిళ్ల విడుదల చేసింది. అప్పటికే చాలా ఇళ్లకి తాళాలు పడ్డాయి. ఇప్పుడు మందిరం ఉన్న యూదుల వీధి, జ్యూటౌన్‌లో పరదేశి యూదుల్ని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే. పాత ఇళ్లలో మసాలా దినుసుల దుకాణాలు, పురాతన వస్తువుల షాపులు, కాశ్మీరీ శాలువాల కొట్లు. మినియాన్ కుదరాలంటే బయటి ఊళ్ల నుంచి వచ్చిన యూదులు ఉండాల్సిందే. ఒకప్పుడు పక్క వీధి యూదుల్ని లెక్కలో వద్దన్న మందిరానికి ఇప్పుడు టూరిస్టుల తలలే దిక్కు.

మన దగ్గర దీనికి పూర్తిగా తలకిందులైన కథ ఒకటుంది. గుంటూరు దగ్గర చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదుల చిన్న సమాజం ఉంది. తాము ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకదాని వారసులమని చెప్పుకునే దళిత కుటుంబాలు వాళ్లవి. 1990ల మొదట్లో సొంతంగా సినగాగ్ ఏర్పాటు చేసుకున్నారు. అక్కడ కాంటన్ టైల్స్ లేవు, రాగిరేకులూ లేవు. ప్రార్థించడానికి మనుషులున్నారు. ‘మీరు నిజంగా యూదులేనా’ అన్న ప్రశ్న మాత్రం వాళ్లనీ వదల్లేదు.

మట్టంచేరి వీధిలోనే పరదేశి కంటే 24 ఏళ్లు ముందు, 1544లో కట్టారని చెప్పే కడవుంభాగం సినగాగ్ ఒకటుండేది. కడవు అంటే రేవు, రేవువైపు వాళ్ల మందిరం. మలబారీలది. వాళ్లు వెళ్లిపోయాక అది గోడౌన్ అయింది. లోపలి చెక్క పని, రంగుల చెక్కడాల కప్పుతో సహా విప్పి 1990లలో జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంకి తీసుకెళ్లి నిలబెట్టారు. అక్కడ అద్దంలా మెరుస్తోంది. ఇక్కడ మిగిలిన గోడల్లో కొంత భాగం 2019 వానలకి కూలిపోయింది. కింద నేల ఎలా ఉండేదో చూద్దామంటే మట్టీ పెంకులూ తప్ప ఏమీ మిగల్లేదు.

అదే పేరున్న ఇంకో సినగాగ్ అవతలి ఒడ్డున, ఎర్నాకుళం మార్కెట్ రోడ్డులో ఉంది. 1970లలో అక్కడ రోజువారీ ప్రార్థనలు ఆగిపోయాయి. చూసుకునే మలబారీ యూదుడు ముందు భాగంలో అక్వేరియం చేపలు, పూలమొక్కలు అమ్మే కొట్టు పెట్టుకుని మందిరాన్ని కాపాడుకొచ్చారు. చేపపిల్లలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లకి వెనక ఏముందో చాలామందికి తెలీదు. గాజు తొట్టెల మధ్య నుంచి లోపలికి నడిచి తలుపు తీస్తే పడమటి గోడకి హేఖల్, తల పైన రెండో తేబా. చెప్పులు మాత్రం చేపల తొట్టెల దగ్గరే విప్పేయాలి.